పెట్టె యొకచోట, తాళపుచెవి యొకచోట

గౌతమికిని వసిష్ఠకును నడుమ, సముద్రము హద్దుగా పఱచుకొనియున్న కోనసీమలో మండువా లోగిలి కట్టదలచిన పూర్వపు గృహస్థు, సిద్ధాంతిని పిలిచి వాస్తు విచారించుటతోపాటు, తనలో తాను తప్పక విచారించుకొనెడి సంగతి మఱియొకటి యుండెను: ఇంటిలోని విలువైన వస్తువు ఎచ్చట నుంచవలయును? మెట్టసీమ గృహస్థు ఈ ప్రశ్న వేసికొన్నచో దొంగ నొక్కనిని తలచుకొనిన చాలును. కోనసీమవానికి దొంగ యెంతటి శత్రువో యేఱును అంతటి శత్రువే. దొంగకు వెఱచి నేలమాళిగలో దాచెనా, శ్రావణమాసపు వరద వచ్చి ముంచును. వరదకు వెఱచి అటక కెక్కించెనా, కొబ్బరి దింపునకు వచ్చినవాడు మొదలు చుట్టపుచూపునకు వచ్చినవాని వఱకు ఎల్లర కన్నును దానిమీదనే పడును. దాచుము, ఒక్కనికి తప్ప తెలియనీకుము అని దొంగభయము చెప్పును. రెండుచోట్ల నుంచుము, ఇద్దఱు ముగ్గురికైనను తెలియనిమ్ము అని యేటిభయము చెప్పును. ఈ రెండు భయముల నడుమ తగవు తీర్చుటలోనే కోనసీమ గృహస్థుని బుద్ధి పదునెక్కినది.

ఈ నడుమ మా మేనల్లుడొకడు, అమలాపురమున ఇంటియొద్దనుండియే హైదరాబాదు కంపెనీ కొలువు చేయువాడు, తన కంప్యూటరులో బిట్‌కాయిను వాలెట్టు పెట్టుకొని, దాని బ్యాకప్పు ఎచ్చట దాచవలయునో పాలుపోక, ఒక చిన్న నోటుపుస్తకమును నాయెదుట నుంచి, "మావయ్యా, ఇందులో పన్నెండు మాటలున్నాయండి. ఇది పోయినా డబ్బు పోయినట్టే, ఎవరైనా చూసినా పోయినట్టే," అనెను. "అయితే ఇది లంకెబిందెల కథేరా," అంటిని. "ఆయ్, అంతేనండి," అని వాడు నవ్వెను. వాడు నవ్వి యూరకుండెను గాని, నాకు మాత్రము ఆ రాత్రి నిద్రపట్టక, ఈ సీమలో సొత్తును, సొత్తునకు ఆధారమైన వ్రాతను మనవారు కాపాడుకొన్న విధములన్నియు ఒక్కొక్కటిగా జ్ఞప్తికి వచ్చెను.

ఈ ప్రాంతమునకు "రెండేఱుల నడిమి విషయము" అని పూర్వనామము. రాజరాజనరేంద్రుడు తన పరిపాలనమున 32వ యేట, అనగా క్రీ.శ. 1053 ప్రాంతమున, నారాయణభట్టునకు నందంపూడి గ్రామమును అగ్రహారముగా నిచ్చి వ్రాయించిన తామ్రశాసనమునందు ఆ పేరు కనబడుచున్నది. శాసనమును రచించినవాడు నన్నయభట్టు. భారతరచనలో నన్నయకు తోడైనవాడును ఈ నారాయణభట్టే యగుటచేత సాహిత్యచరిత్రకారులు దీనిని కన్నుల కద్దుకొందురు. నాకు మాత్రము అందలి కవిత్వముకంటె చాళుక్యుల శాసనముల అమరికమీదనే మక్కువ యెక్కువ. రాగిరేకుల అంచులను కొంచెము ఎత్తుచేయుటచేత ఒకదానిపై నొకటి ఒరసికొన్నను వ్రాత చెడదు. రేకు లన్నిటికిని ఒక రంధ్రము చేసి, దానిగుండ ఉంగరమును దూర్చి, ఆ యుంగరపు కొనలు రెండును కలియుచోట వరాహలాంఛనముతోను శ్రీత్రిభువనాంకుశ నామముతోను రాజముద్ర వేయుదురు. ఉంగరమును కోయక ఒక్క రేకునైనను మార్చుటకు వీలులేదు. కోసిన ముద్ర చెప్పును. రాగికి చెదపురుగు లేదు, తడి లేదు. ఇల్లు కాలినను వెంటనే చెడదు. వ్రాతను కాపాడు విద్యలో ఇంతటి తెలివి తరువాతి శతాబ్దముల కాగితములందు లేదనియే నా యభిప్రాయము.

అయినను దానికొక లోపము కలదు. ప్రతిగ్రహీత చేతిలోని రేకులు ఒక్కటే ప్రతి. యుద్ధము వచ్చినను, వలస పోవలసివచ్చినను ఆ రేకులను భూమిలో పాతిపెట్టుటకంటె గత్యంతరము లేకుండెను. మన తామ్రశాసనములలో అనేకములు నాగటి కఱ్ఱుకు తగిలి బయటపడుటకు కారణ మిదియే. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట తీరాంధ్రమును మరల నిలిపిన ముసునూరి ప్రోలయనాయకుని ప్రఖ్యాతశాసనమున దత్తమైన విలస గ్రామము ఈ సీమలోనిదే. నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మగారలు దానిని పరిష్కరించి ప్రకటించిన తరువాతనే ఆ కల్లోలకాలపు చరిత్రకు గట్టి ఆధారము చిక్కినది. ఒక విప్రుని భూమిహక్కునకై చెక్కిన రేకులు ఒక దేశపు జ్ఞాపకమును మోసికొనివచ్చినవి.

వ్రాత యొక్కటే దారి కాదు. కోనసీమ అగ్రహారములలో వేదము తాటాకునకు ఎక్కక పూర్వమును, ఎక్కిన తరువాతను కంఠముననే నిలిచినది. సంహితను పదములుగా విడదీసి, రెండేసి పదములను ముందునకును వెనుకకును త్రిప్పి, మూడవ పదమును చేర్చి మరల త్రిప్పి చెప్పెడి ఘనపాఠము ఎందులకు పుట్టెనో యని చిన్ననాట నాకు విసుగుపుట్టెడిది. ఒక పదము జాఱినను, ఒక స్వరము తప్పినను వెనుకకు త్రిప్పుసరికి అది పట్టుబడును; ప్రక్కనున్నవాడు వెంటనే సవరించును. తప్పును తానే బయటపెట్టుకొనునట్లు పాఠమును అల్లుట యన్న నిదియే. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. మరల దీనితో పని పడనున్నది. తాటాకు గ్రంథముల గతి వేఱు. సముద్రపుగాలికి అవి తొందరగా నవయును గనుక వానిని వంటింటి పొగ తగులు అటకమీద నుంచుటయు, రెండు మూడు తరముల కొకమాఱు ప్రతి వ్రాయించుటయు ఆచారముగా నుండెను. నకలు తీయుట యనునది ఒకనాటితో ముగియు పని కాదని ఆ లేఖకుల కెఱుకయే.

ఇక లంకెబిందెలు. గొలుసుతో లంకెవేసిన రెండు బిందెలు, వాని నిండ బంగారము, ఏ గోడక్రిందనో ఏ చింతచెట్టు మొదటనో పాతర: ఈ మాట వినని తెలుగుబిడ్డ లేడు. అంజనము వేయించినవారు, అమావాస్యనాడు పలుగు పట్టినవారు, త్రవ్విత్రవ్వి ఇంటిగోడనే కూల్చుకొన్నవారు ప్రతి యూరను ఒకరిద్దఱుందురు. దొరకినవి లేకపోలేదు, కోనసీమకు ఎగువ గోదావరి పాయలుగా చీలుచోటనున్న ధవళేశ్వరమున చాళుక్యచోళుల బంగారునాణెముల నిధి యొకటి బయల్పడి మదరాసు మ్యూజియము చేరినది. పది రూపాయల విలువ మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలయునని 1878 నాటి నిధినిక్షేపముల చట్టము శాసించుచున్నది. కాని నాకు తోచెడి ప్రశ్న వేఱు. అంత బంగారము పాతిపెట్టినవాడు మరల ఏల త్రవ్వుకొనలేదు? దొంగభయమును పూర్తిగా జయించెను గనుక. ఆలికి చెప్పలేదు, కొడుకునకు చెప్పలేదు. చెప్పుదమను నాటికి నోట మాట రాలేదు. దొంగ చేయలేని పనిని ఆ యజమాని తానే చేసెను. ప్రతి లంకెబిందెల కథయు, చక్కగా విచారించినచో, వారసునికి చోటు చెప్పని తండ్రి కథయే.

ఈ తగవును కొంతవఱకు తీర్చినవాడు ఇంగ్లీషువాడని యొప్పుకొనక తప్పదు. అంతకుముందు పల్లెలో భూమి లెక్క లన్నియు కరణముగారి దస్త్రములో నుండెడివి. ఎఱ్ఱగుడ్డలో మూటగట్టిన ఆ కవిలెకట్టలలో ఏముండునో కరణమునకు తెలియును, పరమేశ్వరునకు తెలియును. 1864లో వచ్చి, పలుమాఱులు సవరింపబడి, 1908 నాటికి నేటి రూపమునకు వచ్చిన రిజిస్ట్రేషను చట్టము మఱియొక త్రోవ చూపెను: రైతు తెచ్చిన దస్తావేజును అక్షరాక్షరము పుస్తకములోని కెక్కించి, అసలు రైతు కిచ్చివేసి, నకలును సర్కారు కచేరిలో నుంచుట. అసలు ఒకచోట, నకలు మఱియొకచోట. అమలాపురము, రాజోలు, కొత్తపేట సబురిజిస్ట్రారు కచేరీలలో గుమాస్తాలు వంచిన నడుము ఎత్తక వ్రాసిన ఆ పుస్తకముల విలువ 1986 ఆగస్టులో తెలిసెను. ఆ నెల నడుమ ధవళేశ్వరము ఆనకట్టవద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటెను. ఏటిగట్లు తెగి కోనసీమ ఊళ్లకు ఊళ్లు మునిగెను. మా యింటి ఇనుపపెట్టె దొంగ కదలింపలేనంత బరువైనది, ఏటికి మాత్రము లోకువయ్యెను. నీరు తీసిన పిమ్మట తెఱచి చూచితిమి గదా, తాతగారినాటి దస్తావేజులు కలిపిన పిండివలె ముద్దకట్టియుండెను. పెట్టెను అటకమీద నుంచుదమని మా యమ్మ అంతకు పదియేండ్లనుండి చెప్పుచునే యుండెను. బరువు మోయలేమని మగవారమే ఆలకింపలేదు. సబురిజిస్ట్రారు కచేరిలో సర్టిఫైడు నకలు తెచ్చుకొని బయటపడితిమి. ఆ నకలు లేనిచో ఆ భూమి మాదే యని చెప్పుటకు కొబ్బరిచెట్లనే సాక్ష్యము పిలువవలసివచ్చెడిది. 1996 నవంబరు 6 నాటి తుపాను ఆ సాక్షులను కూడ పడగొట్టెను.

ఆ చట్టములోనే విల్లును గూర్చిన యేర్పాటొకటి కలదు. దీనిని ఎఱిగినవారు అరుదు. విల్లు వ్రాసినవాడు దానిని కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారునకు అప్పగింపవచ్చును. ఆయన దానిని విప్పిచూడక, అగ్నికి కాలని తన పెట్టెలో దాచును. వ్రాసినవాడు మరణించిన పిమ్మట, కోరినవారి సమక్షమున విప్పి పుస్తకములో నకలు ఎక్కించును. లంకెబిందెలు పాతినవానికి ఇట్టి వసతి యుండినచో తెలుగుదేశమున అంజనముల వ్యాపారము సాగెడిదే కాదు. కరణములమాట యేమయ్యెనందురా, 1984 జనవరిలో ఆ పదవులే రద్దయినవి.

ఇట్లుండగా కంప్యూటరు వచ్చెను. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అను మాఱుపేరుతో నెవరో ప్రకటించిన తొమ్మిది పుటల పత్రమే బిట్‌కాయినునకు పుట్టుక. 2009 జనవరి 3న దాని పద్దుపుస్తకము మొదలయ్యెను. ఆ పుస్తకము ఏ కరణమువద్దను ఉండదు. లోకమంతట వేలకొలది కంప్యూటర్లలో దాని ప్రతులున్నవి, ఎవడైనను చదువవచ్చును. కావున పద్దు పోవునను భయము లేదు. వాలెట్టు అందురు గాని అందులో నాణెము లుండవు. ఫలానా పద్దును మార్చుటకు అధికారమిచ్చు ప్రైవేటు కీ, అనగా ఒక పెద్ద రహస్యసంఖ్య మాత్రమే యుండును. భూమి అందఱకును కనబడుచునే యుండును, దస్తావేజు మాత్రము నీ పెట్టెలో నున్నది. పోయినచో నకలిచ్చు సబురిజిస్ట్రారు లేడు. ఇచ్చటికి వచ్చుసరికి మనము 1864 దాటి వెనుకకు పోయి రాగిరేకుల కాలమున నిలిచితిమి.

తొలినాళ్లలో ఈ రహస్యములన్నియు ఇంటి కంప్యూటరులో వాలెట్.డ్యాట్ అను ఒక్క ఫైలులో నుండెడివి. 2011 సెప్టెంబరు వఱకు ఆ ఫైలునకు పాస్‌వర్డు వేయు వసతియైనను ఆ ప్రోగ్రాములో లేకుండెను. యంత్రములో చొరబడినవాడు ఫైలును నకలు తీసికొన్నచో ఇల్లు కొల్లగొట్టినట్లే. నకలు దాచుకొన్న జాగ్రత్తపరునికిని ఒక గొయ్యి త్రవ్వియుండెను. ప్రోగ్రాము నూఱు కీలను ముందుగా సిద్ధపఱచుకొని, ఖర్చుపెట్టినప్పుడెల్ల మిగిలిన చిల్లరను ఒక క్రొత్త కీకి పంపుచుండెడిది. నూఱును అయిపోయిన పిమ్మట పుట్టిన కీలు పాత నకలులో నుండవు. నకలున్నదని నిశ్చింతగా నిద్రించినవాడు మేలుకొనుసరికి ఆ నకలు చెల్లని కాగితమై యుండెడిది. రెండు తరముల కొకమాఱు ప్రతి వ్రాయించిన మన లేఖకులకు ఈ సంగతి చెప్పనక్కఱలేదు. వేల్సు దేశపు న్యూపోర్టులో ఒకడు 2013లో పాత హార్డుడిస్కును చెత్తలోనికి పోనిచ్చి, అందులో ఏడెనిమిది వేల బిట్‌కాయినుల కీ యున్నదని తరువాత తెలిసికొని, ఆ చెత్తదిబ్బ త్రవ్వుటకై పన్నెండేండ్లు పురపాలకసంఘముతో పోరాడెను. 2025 జనవరిలో కోర్టు అతని వ్యాజ్యమును కొట్టివేసినది. లంకెబిందెలమీద చెత్త కుప్పవోసినట్లయ్యెను.

2013లోనే పన్నెండు మాటల పద్ధతి వచ్చెను. 2048 మాటల పట్టికనుండి యంత్రము యాదృచ్ఛికముగా పన్నెండో ఇరువదినాలుగో ఏర్చి యిచ్చును. వరుస తప్పకుండ ఆ మాటలే చేతనున్నచో కీలన్నియు వానినుండియే మరల పుట్టును, ముందు పుట్టబోవునవి సైతము. వ్రాసికొనుటలో ఒక మాట తాఱుమాఱైనచో సాధారణముగా యంత్రము పట్టుకొనును. ఏలయనగా చివరి మాటలో కొంత భాగము తక్కినవానినిబట్టి లెక్కగట్టినది. నేను పైన ఘనపాఠమును గుర్తుంచుకొనుడంటిని గదా, ఇందులకే. ఇంగ్లీషు పట్టికలోని ఏ రెండు మాటలకును మొదటి నాలుగక్షరములు ఒక్కటిగా నుండవు. ఇంగ్లీషు, జపాను, కొరియా, స్పెయిను, చైనా, ఫ్రెంచి, ఇటలీ, చెక్కు, పోర్చుగీసు భాషలలో ఈ పట్టికలు కలవు. మన దేశభాషలలో ఒక్కదానికిని లేదు. ఇది మనవారు సిగ్గుపడవలసిన సంగతియే.

తెలుగుదేశమున బిట్‌కాయిను పేరు పలువురి చెవిని పడినది మంచి సందర్భమున గాదు. 2017 మేలో వన్నాక్రై అను పురుగు లోకమంతట కంప్యూటర్లకు తాళమువేసి, చెవి కావలెనన్న బిట్‌కాయినులలో సొమ్ము కట్టుడని దబాయించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ యంత్రములు కొన్ని దాని వాతబడెను. వేఱుచోట నకలున్నవాడు ఆనాడు తల యెత్తుకొని తిరిగెను. ప్రభుత్వముల సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును: 2018 ఏప్రిలులో రిజర్వుబ్యాంకు ఈ నాణెముల వ్యాపారులకు బ్యాంకుల తలుపులు మూసెను, 2020 మార్చి 4న సుప్రీముకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను, 2022 ఏప్రిలు 1 నుండి లాభముపై నూటికి 30 వంతుల పన్ను. పన్ను పడినంతమాత్రమున పోయిన కీకి సర్కారు పూచీ వహింపదు.

ఈ కాలపు కుర్రవాండ్రకు క్లౌడుమీద నమ్మక మెక్కువ. ఎచ్చటనో అమెరికాలో నకలుండగా ఏటిభయ మేల యందురు. జిల్లా పేరు విషయమై 2022 మే 24న అమలాపురమున అల్లరులు చెలరేగిన పిమ్మట రమారమి రెండు వారములు కోనసీమలో ఇంటర్నెట్టు నిలిపివేసిరి. ఇంటినుండి కొలువు చేయువారు ల్యాపుటాపులు చంకనబెట్టుకొని సిగ్నలు కొఱకు గోదావరి యొడ్డునకు, యానామునకు పరుగులెత్తిరి. నకలు భద్రముగానే యున్నది, అందుటకే దారి లేదు. అదియు గాక, ఆ పన్నెండు మాటలను ఫోనుతో ఫొటో తీసినచో అది తనంతట తానే క్లౌడుకెక్కును. దొంగ యింటికి రావలసిన పనియే యుండదు. మావాడు మొదట చేసినది సరిగా నిదియే. ఫొటో తుడిచివేయించి, ఆ మాటలు చెడినట్లే యని లెక్కించి, క్రొత్త వాలెట్టు చేసి సొమ్మంతయు దానికి మార్పించితిని. వాడు ఆ క్రొత్త మాటలను నోటుపుస్తకములో వ్రాసికొనెను.

పెన్‌డ్రైవులో వేసికొందునని వాడు. ఉప్పుగాలికి ఇనుపమేకులే తినిపోవు చోట అది యెన్నాళ్లుండునని నేను. కాగితమును రెండుగా చించి ఇద్దఱకిత్తునని వాడు. ఒక ముక్క తడిసినచో నీకే దక్కదు, ఒక ముక్క చిక్కినచో దొంగపని కోట్లకోట్ల రెట్లు సులువగునని నేను. రహస్యమును అయిదు భాగములు చేసి, ఏ మూడు కలిసినను మొత్తము తెలియునట్లును, రెండు కలిసినను ఏమియు తెలియకుండునట్లును చేయు గణితమును అడీ షమీర్ అను పండితుడు 1979లో కనుగొనెను. అది సంస్థలకు తగును గాని అమలాపురపు కుర్రవానికి తలకు మించిన పని. కడపట వాడే చెప్పెను: ఇప్పుడు ఈ మాటలను స్టీలురేకులమీద అక్షరమక్షరముగా గ్రుద్ది దాచుట వాడుకలోనికి వచ్చినదట. నీటికి నానదు, ఇల్లు కాలినను చెడదు! వేయేండ్లు తిరిగి తిరిగి నందంపూడి రేకులవద్దకే వచ్చి నిలిచితిమని నాకు ఎంతయో సంతోష మయ్యెను.

వారసుని మాట మిగిలెను. విల్లులో ఆ పన్నెండు మాటలు వ్రాయుటకంటె తెలివితక్కువ పని లేదు. వ్రాసినవాడు పోయిన పిమ్మట రిజిస్టరైన విల్లు నకలును రుసుము కట్టిన యెవనికైనను ఇత్తురు. వాలెట్టు కలదనియు, రేకున్న చోటు ఎఱిగినవా రెవరనియు మాత్రము వ్రాసిన చాలును. మావాడు అట్లే వ్రాసి, సీలు వేయించి, రిజిస్ట్రారు కప్పగించెను. ఇరువదితొమ్మిదేండ్లకు విల్లేమిటని తల్లి కన్నీరు పెట్టుకొన్నను వినలేదు. రేకులు రెండు చేయించినాడు. ఒకటి కోనసీమలో నున్నది, రెండవది గోదావరి దాటి మెరకనున్న యూర నున్నది. ఏ యింటనో ఇచ్చట వ్రాయరాదు. నోటుపుస్తకమును ఇద్దఱమును కూర్చుండి, పెరటిలో నీళ్లకాగు క్రింద కొబ్బరిమట్టల మంటలో వేసితిమి.